ఒకే ఏడాది రెండు కప్పులు: టెడ్డీ మెకార్తీ లాంటి ఆటగాడు మళ్లీ వస్తాడా?

ఏటిగట్టు
గ్లాన్‌మైర్‌కు (ఐర్లండ్‌లో కార్క్ పక్కనే) వచ్చి మూడేళ్లయింది. మా పక్కింటి పెద్దాయన గోడ దగ్గర దొరికితే చాలు, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి నేరుగా టెడ్డీ మెకార్తీ దగ్గరికి వచ్చేస్తాడు. మొదట్లో ఆయన చుట్టమేమో అనుకున్నా. తర్వాత అర్థమైంది, ఈ ఊళ్లో సగం మందికి ఆయన చుట్టమే.

సంగతేంటంటే 1990లో కార్క్ కౌంటీ సెప్టెంబర్ 2న హర్లింగ్ ఆల్ ఐర్లండ్ ఫైనల్ గెలిచింది, సెప్టెంబర్ 16న గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ కూడా గెలిచింది. రెండు ఫైనల్స్‌లోనూ ఆడి రెండు మెడల్స్ మెళ్లో వేసుకున్నది ఒక్కడే, మా ఊరి టెడ్డీ. మధ్యలో పద్నాలుగు రోజులు, అంతే. మగవాళ్ల సీనియర్ ఆటలో అంతకుముందు అలా ఎవరూ చేయలేదు, ఇప్పటికీ ఎవరూ చేయలేదు. 2023 జూన్‌లో 57 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయారు. నేను ఆట చూడలేదు, మనిషినీ చూడలేదు, పాత వీడియోలు చూశా అంతే. కానీ పక్కింటాయన మాటలు వింటూ వింటూ నాకూ పిచ్చి పట్టింది.

మళ్లీ ఎవరైనా ఇది చేయగలరా? పెద్దాయన అయితే ఇక జరగదు అంటాడు. నాకేమో ఈ ముసలాళ్లకు తమ కాలమే గొప్ప అనే జబ్బు అనిపిస్తుంది. మీరేమంటారు?

డబ్లిన్ డబ్బా
అన్నా, ఒక్క నిమిషం. నేను వచ్చి ఆరు నెలలే. హర్లింగ్ అంటే కర్రలతో కొట్టుకునే ఆటేగా? ఫుట్‌బాల్ అంటే మామూలు ఫుట్‌బాలేనా? రెండూ ఒకే సంఘం కిందకి ఎలా వస్తాయి?

పాత స్కోరుబోర్డు
@డబ్లిన్ డబ్బా కొట్టుకోరు తమ్ముడూ, కొట్టేది బంతిని. అప్పుడప్పుడు వేళ్లను.

రెండూ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఆటలు. అందరూ జీఏఏ అంటారు, 1884లో టిప్పరరీలోని థర్లస్‌లో ఒక హోటల్లో మొదలైంది. జట్టుకు పదిహేను మంది, మైదానం ఒకటే, గోల్ స్తంభాలు ఒకటే. ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి కదా, అడ్డకర్ర కింద నుంచి వలలోకి కొడితే గోల్, అది 3 పాయింట్లు, పైనుంచి పంపితే మామూలుగా 1 పాయింట్. అందుకే స్కోరు 5-15 అని రాస్తారు, అంటే 5 గోల్స్, 15 పాయింట్లు, మొత్తం 30. హర్లింగ్‌లో యాష్ అనే చెట్టు కలపతో చేసిన హర్లీ అనే కర్ర, చిన్న తోలుబంతి. దాన్ని స్లిటర్ అంటారు. గేలిక్ ఫుట్‌బాల్లో గుండ్రటి బంతి, చేత్తో పట్టుకోవచ్చు, కానీ నాలుగు అడుగులకు మించి మోసుకెళ్లకూడదు, నేలకు కొట్టి పట్టుకోవాలి లేదా కాలి మీద నుంచి చేతికి తెచ్చుకోవాలి. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్‌ను ఇక్కడ సాకర్ అంటారు, పక్కింటివాళ్ల ముందు తెలియక ఫుట్‌బాల్ అనకు.

అన్నట్టు వీళ్లకు జీతాలు లేవు. కౌంటీకి ఆడినా, క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఆడినా, సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లాల్సిందే.

డబ్లిన్ డబ్బా
జీతం లేకుండానా??? రెండు ఆటలు ఆడి కూడా???

మసాలా మిర్చి
ఇలా రెండు ఆటలూ ఆడే డ్యూయల్ ప్లేయర్ అంటే మన సినిమాల్లో ద్విపాత్రాభినయం లాంటిదన్నమాట. కాకపోతే ఇక్కడ డూప్ ఉండడు.

వాన వదలదు
ఎవరూ చేయలేదు అనడం తప్పు. జాక్ లించ్ ఉన్నాడుగా, ఐర్లండ్ ప్రధాని అయినాయన. ఆయన కూడా కార్క్ మనిషే, రెండు ఆటల్లోనూ ఆల్ ఐర్లండ్ గెలిచాడు. రోజూ ఆయన పేరున్న టన్నెల్లోంచే ఆఫీసుకు వెళ్తున్నా.

పాత స్కోరుబోర్డు
గెలిచాడు, కానీ ఒకే ఏడాదిలో కాదు. లించ్ లెక్క వేరు, అదీ అద్భుతమే. 1941 నుంచి 1944 దాకా వరసగా నాలుగు హర్లింగ్, 1945లో ఫుట్‌బాల్, 1946లో మళ్లీ హర్లింగ్. వరసగా ఆరేళ్లు ఆరు మెడల్స్. తర్వాత 1966లో ప్రధాని అయ్యాడు.

రెండు మెడల్స్ ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. జిమ్మీ బ్యారీ మర్ఫీ 1973లో పందొమ్మిదేళ్ల కుర్రాడిగా ఫుట్‌బాల్ ఫైనల్లో గాల్వే మీద రెండు గోల్స్ కొట్టాడు, తర్వాత హర్లింగ్‌లో 1976, 77, 78, 84, 86 గెలిచాడు. రే కమిన్స్ కూడా ఆ కోవే. కార్క్ బయట అయితే ఆఫలీకి చెందిన లియమ్ కరమ్స్, 1981లో హర్లింగ్, 1982లో ఫుట్‌బాల్. ఇతనూ ఒక్క ఏడాది తేడాలో తప్పిపోయాడు. ఒకే సెప్టెంబర్‌లో రెండూ అంటే టెడ్డీ ఒక్కడే.

వాన వదలదు
ఓకే, ఒప్పుకున్నా. టన్నెల్ మీద ప్రేమతో తొందరపడ్డా.

ఏటిగట్టు
స్కోరుబోర్డు గారూ, టెడ్డీ కెరీర్ మొత్తం కాస్త వివరంగా రాయండి ప్లీజ్. మా పెద్దాయన చెప్పేది ముక్కలు ముక్కలుగా ఉంటుంది, 1986 నుంచి మొదలెట్టి మధ్యలో ఎవరి పెళ్లిలోకో వెళ్లిపోతాడు.

పాత స్కోరుబోర్డు
రాస్తా, కాస్త పొడుగవుతుంది.

టెడ్డీ 1965లో పుట్టాడు. హర్లింగ్ సార్స్‌ఫీల్డ్స్ క్లబ్‌కు, ఫుట్‌బాల్ గ్లాన్‌మైర్‌కు. అక్కడే ఒక విషయం గమనించండి, ఒకే ఊళ్లో ఒకే కుర్రాళ్లు వేసవిలో ఒక సాయంత్రం ఈ చొక్కా, ఇంకో సాయంత్రం ఆ చొక్కా వేసుకుంటారు. డ్యూయల్ అనేది వాళ్లకు పెద్ద నిర్ణయం కాదు, అలవాటు.

1986లో కార్క్ హర్లింగ్ సీనియర్ జట్టు తరఫున ఛాంపియన్‌షిప్‌లో ఆయన ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఏదో తెలుసా? ఆల్ ఐర్లండ్ ఫైనల్. అరంగేట్రమే క్రోక్ పార్క్‌లో ఫైనల్, గాల్వే మీద 4-13, 2-15 తేడాతో గెలుపు. వయసు 21. ఎవరికైనా ఇక చాలు అనిపించే ఆరంభం.

అక్కడినుంచి ఫుట్‌బాల్ కష్టాలు. 1987 ఫైనల్లో మీథ్ చేతిలో ఓటమి. 1988లో అదే మీథ్‌తో ఫైనల్ డ్రా, మళ్లీ ఆడితే 0-13, 0-12. ఒక్క పాయింట్! మూడో ఏడు 1989లో మేయో మీద 0-17, 1-11తో గెలిచి కార్క్ 1973 తర్వాత తొలిసారి ఫుట్‌బాల్ విజేతలకిచ్చే శామ్ మగ్వాయర్ కప్పు ఎత్తింది. 1990లో కథ మీకు తెలుసు, దానికి మళ్లీ వస్తా. తర్వాత 1992 హర్లింగ్ ఫైనల్ కిల్‌కెన్నీ చేతిలో, 1993 ఫుట్‌బాల్ ఫైనల్ డెర్రీ చేతిలో కార్క్ ఓడింది. 1986 నుంచి 1993 దాకా ఎనిమిదేళ్లలో రెండు ఆటలూ కలిపి కార్క్ ఫైనల్ ఆడని ఏడాది 1991 ఒక్కటే. ఆ కాలమంతా ఒకే కుర్రాడు రెండు జట్ల శిక్షణకూ తిరుగుతున్నాడు. ఆట మానేశాక కోచింగ్‌లోకి వెళ్లాడు, లీష్ కౌంటీ హర్లింగ్ జట్టుకు మేనేజర్‌గా కూడా చేశాడు.

ఆయన గొప్పదనం ఏంటని అడిగితే పాతవాళ్లందరూ ఒకటే చెబుతారు: ఎగరడం. పైనుంచి వచ్చే బంతి కోసం నలుగురు చేతులెత్తితే పైన కనబడే చెయ్యి టెడ్డీదే. రెండు ఆటల్లోనూ పనికొచ్చే విద్య అదొక్కటే అని నా అభిప్రాయం. మిగతావన్నీ వేరు వేరుగా నేర్చుకోవాల్సిందే.

పాత స్కోరుబోర్డు
ఇక 1990. హర్లింగ్ ఫైనల్లో మళ్లీ గాల్వే. సగం ఆటకు గాల్వే ఐదు పాయింట్ల ముందుంది, వాళ్ల ఆటగాడు జో కూనీని ఆపేవాడు లేడు. రెండో సగంలో కార్క్ తిరగబడింది, చివర్లో జాన్ ఫిట్జ్‌గిబ్బన్ గోల్స్. 5-15, 2-21. లెక్కేస్తే 30, 27. కెప్టెన్ టొమాస్ మల్కహీ.

రెండు వారాల తర్వాత ఫుట్‌బాల్ ఫైనల్, ఎదురుగా మీథ్. 87, 88 పగ ఉండనే ఉంది. సగం ఆట కాకముందే కార్క్ ఆటగాడు కొలమ్ ఓ నీల్‌ను రెఫరీ బయటకు పంపేశాడు. పద్నాలుగు మందితో మిగతా ఆటంతా ఆడి 0-11, 0-9 తేడాతో గెలిచారు. కెప్టెన్ ల్యారీ టాంప్‌కిన్స్ మోకాలి లిగమెంట్ తెగినా మైదానం వదల్లేదు. షే ఫాహీ మిడ్‌ఫీల్డ్‌లో చెలరేగాడు. వీళ్లిద్దరూ కిల్డేర్ నుంచి వచ్చిన వలస ఆటగాళ్లు, అది ఇంకో కథ.

కార్క్ అంతకుముందు ఇలా రెండు కప్పులూ గెలిచింది 1890లో. సరిగ్గా నూరేళ్లు. అయితే 1890లో రెండు జట్లు రెండు ఊళ్ల క్లబ్బులవి, హర్లింగ్‌కు అహబులోగ్, ఫుట్‌బాల్‌కు మిడిల్టన్.

ఇంకో పేరు చెప్పకపోతే అన్యాయం. డెనిస్ వాల్ష్. 1990 హర్లింగ్ ఫైనల్ ఆడాడు, ఫుట్‌బాల్ ఫైనల్ రోజు సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీద ఉన్నాడు, దిగే అవకాశం రాలేదు. లేకపోతే ఈ చర్చ పేరులో ఇద్దరు ఉండేవారు.

మసాలా మిర్చి
ఆ బెంచీ బాధ నాకు తెలుసు. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో మూడేళ్లు అదే పని చేశా.

లెక్కల మాస్టారు
పెద్దాయనకు జబ్బేం లేదు, ఆయన మాటే నిజం. కాకపోతే కారణం టెడ్డీ కాళ్లలోనే లేదు, క్యాలెండర్లో కూడా ఉంది.

1990లో అంతా నాకౌట్. ఒక్కటి ఓడితే ఇంటికే. కార్క్ హర్లింగ్ జట్టు ఆ వేసవిలో మన్‌స్టర్ (కార్క్ ఉన్న దక్షిణ ప్రాంతం) ఫైనల్లో టిప్పరరీని, ఆల్ ఐర్లండ్ సెమీఫైనల్లో ఆంట్రిమ్‌ను, ఫైనల్లో గాల్వేను గెలిచింది. ఫుట్‌బాల్లో మన్‌స్టర్ ఫైనల్లో కెర్రీని, సెమీస్‌లో రాస్‌కామన్‌ను, తర్వాత మీథ్‌ను. తొలి రౌండ్లు కలుపుకున్నా నాలుగైదు నెలల్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే మ్యాచ్‌లు. ఫైనల్స్ కూడా రివాజు ప్రకారం సెప్టెంబర్ మొదటి ఆదివారం ఒకటి, మూడో ఆదివారం ఒకటి.

ఇప్పుడో? 2018 నుంచి మన్‌స్టర్ హర్లింగ్‌లో ఐదు జట్లు ఒకరితో ఒకరు ఆడాలి, అంటే కొద్ది వారాల్లోనే నాలుగు గట్టి మ్యాచ్‌లు, తర్వాత ఇంకా ఉంటాయి. ఫుట్‌బాల్లో కూడా మ్యాచ్‌లు పెరిగాయి. 2022 నుంచి కౌంటీ సీజన్‌ను కుదించి ఫైనల్స్ జూలైకి తెచ్చేశారు, మిగతా ఏడాది క్లబ్బులకు వదిలేశారు. క్లబ్బులకు మంచిదే, నేను కాదనను. కానీ ఎక్కువ మ్యాచ్‌లు, తక్కువ వారాలు. ఇందులో ఒక మనిషి రెండు జట్లలో ఎలా ఇముడుతాడు చెప్పండి.

వాన వదలదు
మాస్టారూ, అలా అంటే టెడ్డీ గొప్పదనం సగం క్యాలెండర్‌కు ఇచ్చేసినట్టేగా. క్యాలెండర్ అప్పట్లో అందరికీ ఒకటే. మిగతావాళ్లు ఎందుకు గెలవలేదు?

లెక్కల మాస్టారు
ఎందుకంటే మిగతావాళ్లు కార్క్‌లో పుట్టలేదు. కిల్‌కెన్నీలో హర్లింగ్ తప్ప ఫుట్‌బాల్‌ను పెద్దగా పట్టించుకోరు. కెర్రీకి ఫుట్‌బాల్ కప్పులు లెక్కలేనన్ని, హర్లింగ్ కప్పు ఒక్కటి, అదీ 1891లో. రెండూ బలంగా ఉన్న కౌంటీలు నాలుగైదు. అందులో ఒకే ఏడాది రెండు జట్లూ దేశంలో నంబర్ వన్ కావాలి. అందులోనూ రెండు తుది జట్లలో చోటుండాలి. ఇవన్నీ ఒకచోట కలిసిన రోజు టెడ్డీ తయారుగా ఉన్నాడు. ఆయన్ని తక్కువ చేయడం లేదు, వాకిలి అంత సన్నగా ఉందని చెబుతున్నా.

ఫిజియో పిల్ల
నేను ఇక్కడ క్లినిక్‌లో పనిచేస్తా, సాయంత్రం వేళ వచ్చేవాళ్లలో సగం మంది జీఏఏ పిల్లలే. మాస్టారు చెప్పిన క్యాలెండర్‌కు శరీరం కూడా కలపండి. హర్లింగ్ అంటే మణికట్టు, భుజం, నడుము తిప్పడం, చిన్న దూరాలు విసురుగా పరిగెత్తడం. ఫుట్‌బాల్ అంటే తన్నడం, గజ్జలు, తొడ వెనక కండరాలు, ఒకరినొకరు గుద్దుకోవడం. మంగళ, గురు ఒకరి దగ్గర, బుధ, శుక్ర ఇంకొకరి దగ్గర శిక్షణకు వెళ్తే కండరం కోలుకునే రోజు ఎక్కడుంది?

అసలు గొడవ మేనేజర్లతో. ఇద్దరూ మంచివాళ్లే, కానీ ఇద్దరికీ తమ ఆటే ముఖ్యం. "ఇవాళ తేలిగ్గా చేయించండి, నిన్న అక్కడ బాగా అలిసిపోయాడు" అని ఇద్దరు మేనేజర్లు ఒకరికొకరు ఫోన్ చేసుకునే చోట పిల్లలు నిలబడతారు. అలా మాట్లాడుకోని చోట పద్దెనిమిదేళ్లకే ఒక ఆట వదిలేస్తారు, ఎక్కువసార్లు ఏడుస్తూ. నా టేబుల్ మీద చూశా.

కార్క్ కోడలు
ఇంతసేపూ మగవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. డ్యూయల్ ప్లేయర్ కావాలంటే మా కార్క్ అమ్మాయిల్ని చూడండి.

రీనా బక్లీ. ఫుట్‌బాల్లో 11, కమోగీలో 7, మొత్తం 18 ఆల్ ఐర్లండ్ సీనియర్ మెడల్స్. కమోగీ అంటే ఆడవాళ్ల హర్లింగ్. 2012లో ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా గెలిచింది, 2017లో కమోగీ జట్టుకు కెప్టెన్‌గా గెలిచింది, అదీ కిల్‌కెన్నీ మీద 0-10, 0-9, చివరి నిమిషంలో పాయింట్‌తో. రెండు ఆటల్లోనూ కెప్టెన్‌గా కప్పు ఎత్తిన తొలి మనిషి ఆమె. ఆమె పక్కనే ఆడిన బ్రీజ్ కోర్కరీ పేరు కూడా కలిపే చెబుతారు ఇక్కడ. పైగా ఆ జట్లు రెండు కప్పులూ ఒకే ఏడాది గెలిచింది ఒకసారి కాదు: 2005, 2006, 2008, 2009, 2014, 2015. ఏటిగట్టు తమ్ముడూ, నువ్వు "మగవాళ్ల సీనియర్ ఆటలో" అని జాగ్రత్తగా రాశావు కాబట్టి బతికిపోయావు.

పాత స్కోరుబోర్డు
నమస్కారం అక్కా, ఇది నేనే రాయాల్సింది.

కార్క్ కోడలు
రాయలేదుగా, అందుకే నేను రాశా 🙂

మా పెద్దమ్మాయికి పదమూడు. కమోగీ, ఫుట్‌బాల్ రెండూ ఆడుతుంది. పోయినేడు ఒకే శనివారం పొద్దున ఫుట్‌బాల్ సెమీఫైనల్, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో కమోగీ మ్యాచ్. ఒక చోట అడిగితే అవతలివాళ్లను మార్చమనండి అన్నారు, అవతల అడిగితే ఇవతలివాళ్లను. చివరికి మావారు కారు నడుపుతుంటే వెనక సీట్లో అది సాక్సులు మార్చుకుంటూ, నేను పెట్టిన పులిహోర చేత్తో తింటూ వెళ్లింది. రెండో మ్యాచ్ రెండో సగంలో కాలు పట్టేసి కూర్చుండిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

దీనికి మూలం ఏంటంటే ఆడవాళ్ల ఫుట్‌బాల్ సంఘం వేరు, కమోగీ సంఘం వేరు, జీఏఏ వేరు. మూడు ఆఫీసులు, మూడు క్యాలెండర్లు. కౌంటీ స్థాయి ఆటగాళ్లకు కూడా ఇదే గోస, ఒకే వారాంతంలో రెండు పెద్ద మ్యాచ్‌లు పడటం ఇక్కడ ప్రతి ఏటా గొడవే. మూడింటినీ 2027 నాటికి ఒక్కటి చేస్తామన్నారు. చూడాలి.

ఫిజియో పిల్ల
అక్కా, పులిహోర మ్యాచ్‌ల మధ్యలో పర్లేదు, కానీ వేరుశనగలు తగ్గించండి, అరగడానికి టైం పడుతుంది 😄 కాలు పట్టేయడం ఆ వయసులో మామూలే. వారానికి ఒక్క రోజైనా పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

మసాలా మిర్చి
వేరుశనగలు లేని పులిహోరా? ఇక్కడ వేరే చర్చ మొదలెట్టాలి.

వాన వదలదు
మగవాళ్లలో టెడ్డీ తర్వాత దగ్గరగా వచ్చినవాళ్లు ఎవరూ లేరా?

పాత స్కోరుబోర్డు
ఉన్నాడు. షాన్ ఓగ్ ఓ హల్పీన్. 1999.

తండ్రి ఫర్మానా కౌంటీ మనిషి, తల్లి ఫిజీ దగ్గరి రొటూమా దీవి ఆవిడ. షాన్ ఓగ్ పుట్టింది ఫిజీలో, చిన్నప్పుడు కొన్నాళ్లు సిడ్నీలో, పెరిగింది కార్క్‌లో. ఫర్మానా, ఫిజీ రెండూ హర్లింగ్‌కు పుట్టిళ్లు కావని ఒక వ్యాఖ్యాత అన్న జోక్ ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

1999 సెప్టెంబర్‌లో కార్క్ మళ్లీ రెండు ఫైనల్స్‌లోనూ ఉంది. 12న హర్లింగ్, కిల్‌కెన్నీ మీద 0-13, 0-12. ఒక్క పాయింట్‌తో గెలిచారు. షాన్ ఓగ్ ఆడాడు, ఒక మెడల్ వచ్చింది. 26న ఫుట్‌బాల్, ఎదురుగా మళ్లీ మీథ్. అందులోనూ ఆడాడు. 1-11, 1-8. మూడు పాయింట్లతో ఓడారు.

ఇంకో విచిత్రం చూడండి. ఆ హర్లింగ్ జట్టు మేనేజర్ జిమ్మీ బ్యారీ మర్ఫీ, పైన రాశా, డ్యూయల్ ఆటగాళ్లలో పెద్ద పేరు. ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ ల్యారీ టాంప్‌కిన్స్, 1990లో తెగిన మోకాలితో ఆడిన కెప్టెన్. ఫిజియో పిల్ల చెప్పిన మేనేజర్ల సమస్యకు ఇంతకంటే మంచి జోడీ దొరకదు. అయినా మూడు పాయింట్లు తక్కువయ్యాయి. 2005లో షాన్ ఓగ్ కెప్టెన్‌గా హర్లింగ్ కప్పు ఎత్తాడు, కానీ అప్పటికి ఆయనకు హర్లింగ్ ఒక్కటే.

లెక్కల మాస్టారు
1999లో కూడా అందరూ ఒకరితో ఒకరు ఆడే పద్ధతి ఇంకా రాలేదని గమనించగలరు.

వాన వదలదు
గమనించాం మాస్టారూ 🙏

తాడేపల్లి టు డబ్లిన్
కౌంటీ స్థాయిలో పోయింది కానీ క్లబ్ స్థాయిలో డ్యూయల్ బతికే ఉంది. మా వైపు డాల్కీలో కువాలా క్లబ్ ఉంది. హర్లింగ్‌లో 2017, 2018 ఆల్ ఐర్లండ్ క్లబ్ ఛాంపియన్లు, 2025లో ఫుట్‌బాల్లో కూడా గెలిచారు. కాన్ ఓ కల్లహన్ రెండింటిలోనూ ఉన్నాడు. డబ్లిన్ కౌంటీకి వచ్చేసరికి మాత్రం ఫుట్‌బాల్ ఒక్కటే ఎంచుకున్నాడు, హర్లింగ్ వాళ్లు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నిట్టూరుస్తారు. అలాగే డెర్రీలో స్లాట్‌నీల్ అనే చిన్న పల్లె, 2016లో హర్లింగ్, ఫుట్‌బాల్, కమోగీ మూడింటిలోనూ అల్‌స్టర్ (ఉత్తర ప్రాంతం) క్లబ్ కప్పులు గెలిచింది. ఉన్నదే కొంచెం మంది, ఒక్క ఆటే ఆడమంటే జట్టే ఉండదు.

పాత స్కోరుబోర్డు
కార్క్ వాళ్లు ఊరుకోరు ఇక్కడ. క్లబ్ ఆల్ ఐర్లండ్ రెండు ఆటల్లోనూ ముందు గెలిచింది కార్క్‌లోని సెయింట్ ఫిన్‌బార్స్, హర్లింగ్ 1975, 1978, ఫుట్‌బాల్ 1980, 81, 87. కువాలా రెండోది.

ఏటిగట్టు
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ఇవన్నీ పక్కింటాయనకు చెప్పా. జాక్ లించ్ దగ్గర తల ఊపాడు. రీనా బక్లీ దగ్గర "ఆమె పేరు ముందు చెప్పాల్సింది" అన్నాడు, కార్క్ కోడలు గారూ మీకు ఓటు పడింది. 1999 అనగానే మాత్రం మాట్లాడలేదు. మూడు వేళ్లు చూపించి లోపలికి వెళ్లిపోయాడు. నేనేదో తప్పు మాట్లాడానేమో అని టెన్షన్ పడ్డా. కాసేపటికి బయటికి వచ్చి, మా ఏడేళ్లవాడికి ఇమ్మని ఒక పాత హర్లీ గోడ మీద నుంచి అందించాడు. పట్టీ ఊడిపోయింది, కానీ కలప గట్టిగా ఉంది.

ఇప్పుడు డౌట్. అది వాడి ఛాతీ దాకా వస్తోంది. వాడొచ్చా?

ఫిజియో పిల్ల
వద్దు, చాలా పెద్దది. మణికట్టు పాడవుతుంది. నిటారుగా నిలబెట్టి చెయ్యి కిందికి వేలాడదీయండి, నేల నుంచి దాదాపు నడుము ఎముక ఎత్తు వస్తే చాలు. దాన్ని గోడకు తగిలించి, వాడికి చిన్నది కొనండి.

కార్క్ కోడలు
హెల్మెట్ కూడా కొనండి, 2010 నుంచి అందరికీ తప్పనిసరి. పాత ఫోటోల్లో లేకుండా ఆడారు కదా అని పెద్దాయన చెప్పినా వినకండి. మా చిన్నదానికి సరిపోని హెల్మెట్ ఒకటి ఉంది, మెసేజ్ పెట్టండి, శనివారం మ్యాచ్‌కు అటువైపే వస్తున్నాం. రెండు మ్యాచ్‌లు ఉన్నాయి లెండి, ఏదో ఒక టైంలో దొరుకుతాం.